‘వత్తానమ్మా’ అన్నందుకు అరెస్టు

కొత్తగా పోలీసు యూనిఫారం కుట్టించుకున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు బరంపురంలో మా ఇంటికి వస్తుంటారు. బందిపోట్లను తరిమి తరిమి పట్టుకున్న కథలు చెబుతానని వాళ్ళ ఆశ. నా మొహం! సర్వీసు మొత్తంలో నేను పరిగెత్తి పట్టుకున్నది ఒక్క మేకను. అదీ మా స్టేషన్ వెనక వేసుకున్న వంకాయ మొక్కలు మేస్తోందని.

ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చింది, ఏ దొర నన్ను మెచ్చుకున్నాడు అనే గొడవ ఇక్కడ రాయను. అవి చదివితే మా ఆవిడకే నిద్రొస్తుంది. గంజాం జిల్లా ఇంకా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, గోపాల్‌పూర్‌లో నేను సబ్‌ఇన్‌స్పెక్టరుగా ఉండగా జరిగిన ఒక దోపిడీ కేసు గురించి రాస్తాను. ఈ ఉద్యోగం అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. నాకు తెలియజెప్పినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ కలిపి ఇది నా దండం అనుకోండి.

దొరల ఇళ్ళు

గోపాల్‌పూర్ అప్పట్లో మంచి రేవు. రంగూన్ పోయే స్టీమర్లు దూరంగా సముద్రంలో ఆగేవి. సరుకునీ మనుషులనీ పడవల్లో అలలు దాటించి ఎక్కించేవారు. స్టీమరు కంపెనీల ఏజెంట్లు, గాలి మార్పు కోసం వచ్చిన దొరలు, రిటైరై ఇంటికి పోలేక ఇక్కడే ఉండిపోయినవాళ్ళు ఒడ్డు పొడుగునా బంగళాలు కట్టుకున్నారు.

ఆ బంగళాల్లో దొంగతనం చేయడం ఎంత సులువో చెబితే మీరు నమ్మరు. ముందు గుమ్మానికి చేంతాడంత గొలుసూ, ఇత్తడి తాళమూ ఉంటాయి. వరండాలో గుమ్మడికాయంత తల ఉన్న కుక్క పడుకుని ఉంటుంది. వెనక్కి వెళ్ళి చూస్తే, స్నానాల గదికి నీళ్ళు మోసేవాడు రావడానికి పెట్టిన తలుపు పొద్దస్తమానం బార్లా తెరిచే ఉంటుంది. నేను ప్రతి బంగళాకీ వెళ్ళి, "అయ్యా, ముందు ఆ తలుపు వేయించండి" అని మొత్తుకునేవాణ్ణి. వాళ్ళు "థాంక్యూ సబ్‌ఇన్‌స్పెక్టర్" అనేవారు. తలుపు తలుపులాగే ఉండేది.

వాళ్ళను చూసి నవ్వుకునేవాణ్ణి గానీ, జాలి కూడా పడేవాణ్ణి. మా పినతండ్రి ఒకాయన రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసి వచ్చాడు. అక్కడున్నన్నాళ్ళూ ట్రంకు పెట్టె మంచం కిందికి తోసి, దాని గొలుసు కాలికి కట్టుకుని పడుకునేవాడట. పక్కింటి బర్మా వాళ్ళు ఏదో చెప్పుకుని నవ్వుకుంటే, తనని దోచుకోవడం గురించే మాట్లాడుకుంటున్నారని హడలి చచ్చేవాడట. తీరా భాష వచ్చాక తెలిసిందేమిటంటే, వాళ్ళు నవ్వుకునేది వాళ్ళ అత్తగారి మీద. పరాయి దేశంలో బతికేవాడికి దొంగ కంటే ముందు అర్థం కాని మాట భయం పెడుతుంది. ఈ సంగతి పినతండ్రి చెప్పినప్పుడు నేను పడీపడీ నవ్వాను. దాని విలువ గోపాల్‌పూర్‌లో తెలిసింది.

పియానో దొరసాని

రేవుకి ఉత్తరంగా, నోళియాల పల్లెకి ఆనుకుని ఒక బంగళా ఉండేది. అందులో ఒక ముసలి దొరసాని ఒక్కతే ఉండేది. భర్త స్టీమరు ఏజెంటుగా చేసి ఇక్కడే పోయాడు. సాయంత్రమైతే పియానో వాయించేది కాబట్టి ఊరంతా ఆవిడను పియానో దొరసాని అనేవారు. పిల్లలు లేరు. స్కాట్లాండులో ఒక మేనకోడలు మాత్రం ఉందని చెప్పేది.

నోళియాలంటే సముద్రం మీద బతికే మన తెలుగు జాలర్లే. ఒడియా వాళ్ళు పెట్టిన పేరు అలా నిలిచిపోయింది. వాళ్ళలో కొందరు, మొనదేలిన వెదురు టోపీ పెట్టుకుని, దొరలకీ దొరసానులకీ చెయ్యి పట్టుకుని సముద్ర స్నానం చేయించేవారు. పియానో దొరసానికి స్నానం చేయించే మనిషి పోలయ్య. పదేళ్ళ పైనుంచీ రోజూ పొద్దున్నే ఆవిడ చెయ్యి పట్టుకుని అలల్లోకి తీసుకెళ్ళేవాడు. ఆవిడ తెలుగు పుస్తకంలో మొదలై పోలయ్య దగ్గర పూర్తయింది. అందుకే ఎవరినైనా సరే, కలెక్టరు గుమాస్తానైనా సరే, 'నువ్వు' అనే పిలిచేది.

పల్లెలో వాళ్ళు వలలు మోసుకుని ఒడ్డుకి పోవడానికి ఆవిడ కాంపౌండులోంచే అడ్డదారి. మగవాళ్ళు వలలతో, ఆడవాళ్ళు గంపలతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉండేవారు. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ వేసవిలో మద్రాసు నుంచి ఎవరో స్నేహితురాలు వచ్చింది. "నువ్వొక్కదానివే ఉంటావు, వీళ్ళంతా నీ తోటలోంచి తిరుగుతారా? ఏదో ఒకరోజు నీ గొంతు కోస్తారు!" అని ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. దొరసాని కూడా మనిషే కదా! స్నేహితురాలు రైలెక్కేలోగా అడ్డదారికి ముళ్ళకంచె పడింది, వెనక గేటుకి తాళం పడింది.

పల్లె తరఫున పోలయ్య వెళ్ళి అడిగాడు. గేటు తియ్యనంది. తిరిగి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్న పోలయ్య స్నానం చేయించడానికి రాలేదు. ఆ మధ్యాహ్నం ఆవిడ పియానో దగ్గర కూర్చుని ఉండగా, వెనక తలుపులోంచి మనుషులొచ్చి ఆవిడ తల మీద దుప్పటి కప్పేశారు. చేతులు కుర్చీకి కట్టేసి, వెండి సామానూ, భర్త జేబు గడియారమూ ఎత్తుకుపోయారు. ఆవిడ అరిచింది. కంచె పడకముందు అయితే ఆ అరుపుకి పల్లె సగం వచ్చి వాలేది. ఆ రోజు వినడానికి ఒక్క పురుగు లేదు. బజారుకెళ్ళిన బట్లరు తిరిగొచ్చి విప్పేదాకా అలాగే కూర్చుంది. మణికట్టు వాచిపోయింది.

ఇంగ్లీషులో వచ్చిన ఫిర్యాదు

ఆవిడ నా దగ్గరికి రాలేదు. నేరుగా ఛత్రపురంలో ఉన్న జిల్లా సూపరింటెండెంటు దొరకి మనిషిచేత కబురు పంపింది. మర్నాడు పొద్దున్నే ఆయన నుంచి నాకు తాఖీదు వచ్చింది. పోలయ్య అనే నోళియా దోపిడీకి ముందు రోజు కోపంగా మాట్లాడి, పోతూ పోతూ గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, తాను వస్తానని బెదిరించాడు, అన్నట్టే వచ్చాడు, వెంటనే అరెస్టు చేసి రేపు మేజిస్ట్రేటు ముందు పెట్టు, అని అందులో ఉంది.

ఆ రోజుల్లో ఒక దొరసాని నిలబడి 'వీడే' అంటే, ఇంక సాక్ష్యం అడిగే మొనగాడు లేడు. పోలయ్యకి కఠిన శిక్ష ఖాయం. సముద్రం మనిషిని నాలుగు గోడల మధ్య పెడితే తిరిగొస్తాడో లేదో దేవుడికే తెలియాలి.

పల్లెకి వెళ్ళాను. పోలయ్య వల బాగుచేసుకుంటున్నాడు. విషయం చెబితే వల పక్కన పెట్టి, నా వెంట రావడానికి లేచాడు. అతని భార్య గన్నెమ్మ మాత్రం నా మీదికి వచ్చినంత పని చేసింది.

"ఓలమ్మో! మావోడేటి సేసినాడు బాబూ? దొరసానమ్మకి అల తగిలితే ఈడి గుండె ఆగిపోద్ది. ఈడు దోసీసినాడా? ఏటి మాటలివి?"

స్టేషన్‌లో కూర్చోబెట్టి అడిగాను.

"దొరసానిని బెదిరించావా?"

"నేదు బాబూ."

"మళ్ళీ వస్తానని అన్నావా?"

"అన్నేదు బాబూ. నానెందుకంటాను?"

"మరేమన్నావు?"

"గేటు తియ్యమన్నాను. తియ్యనంది. వొచ్చీసినాను. అంతే."

ఎన్నిసార్లు అడిగినా ఇదే. నాకు ఒళ్ళు మండింది. ఆవిడేమో అన్నాడని చెబుతోంది, వీడేమో అనలేదంటున్నాడు. అబద్ధం ఆడేవాడి మొహంలా లేదు. మాట మాత్రం అబద్ధంలా ఉంది.

మహాపాత్రో బాబు

మా సర్కిల్ ఇన్‌స్పెక్టరు మహాపాత్రో బాబు ఒడియా బ్రాహ్మడు. లావుపాటి మనిషి. పాన్ నమిలి నమిలి ఎర్రబడిన నోటితో, ఎంత కొంప మునిగే విషయమైనా తీరుబడిగా వినేవాడు. తెలుగు మనకంటే బాగా మాట్లాడేవాడు. నాకు దొరికిన అధికారుల్లో తిట్టినవాళ్ళున్నారు, వీపు తట్టినవాళ్ళున్నారు. పని నేర్పినవాడు మాత్రం ఆయనే. నేటికీ పాన్ వాసన తగిలితే నేను నిటారుగా కూర్చుంటాను.

కబురు తెలిసి ఆయన బరంపురం నుంచి బండి కట్టించుకు వచ్చాడు. తాఖీదు చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఏమయ్యా, ఈ నోళియా ఇంగ్లీషు ఎక్కడ చదివాడు?"

"ఇంగ్లీషా? వీడికి చేవ్రాలు కూడా రాదండీ."

"మరి ఇంగ్లీషులో ఎలా బెదిరించాడు? ఇక్కడ రాసిందంతా ఇంగ్లీషే కదా! వాడు తెలుగులో ఏదో అన్నాడు. దొరసాని దాన్ని ఇంగ్లీషు చేసింది. దొర దాన్ని తాఖీదు చేశాడు. ఇది ఎండుచేప, అయ్యా. కంపు తెలుస్తుంది గానీ ఏ చేపో తెలీదు. వెళ్ళు. వాడి నోట్లోంచి ఊడిపడ్డ మాట ఏదో, అదే పట్టుకురా."

"సూపరింటెండెంటు గారు కోప్పడతారేమోనండీ."

"కోప్పడితే నా మీద పడనీ. నాకు ఒంట్లో చోటు చాలా ఉంది."

కుర్రాళ్ళూ, పైవాడి కోపాన్ని కిందివాడి మీద పడనివ్వని అధికారి దొరికితే, వాడి కాళ్ళ దగ్గర కూర్చుని పని నేర్చుకోండి. అలాంటివాళ్ళు ఎక్కువమంది ఉండరు.

ఎప్పుడు?

బంగళాకి వెళ్ళాను. దొరసాని వరండాలో శాలువా కప్పుకుని కూర్చుంది. చేతికి కట్టు. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను, ఆవిడా ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది. పోలయ్య ఏమన్నాడో సరిగ్గా చెప్పమంటే, తాఖీదులో ఉన్నదే మళ్ళీ చెప్పింది. ఇంకోసారి అడిగితే ఏడ్చేసింది. పదేళ్ళు తన చెయ్యి పట్టుకున్న మనిషి తన చేతులు కట్టేశాడని, ఇక ఈ దేశంలో ఎవరిని నమ్మాలని వలవలా ఏడ్చింది. ఇంక లాభం లేదనుకుని లేచాను. టోపీ తీసుకుని, అలవాటు చొప్పున తెలుగులో అనేశాను.

"వస్తానమ్మా."

మెట్లు దిగబోతుంటే వెనక నుంచి బెదురు గొంతు వినిపించింది.

"ఎప్పుడు?"

తిరిగి చూశాను. "ఏమిటమ్మా?"

"నువ్వు వస్తాను అన్నావు. ఎప్పుడు వస్తావు? ఎందుకు వస్తావు?"

టోపీ కుర్చీలో పడేసి ఆవిడ ముందు నిలబడ్డాను.

"అమ్మా, పోలయ్య గేటు దగ్గర అన్న మాట ఇంగ్లీషులో వద్దు. అతనెలా అన్నాడో అలాగే అనండి."

ఆవిడ కళ్ళు మూసుకుంది. పల్లె యాసలో, పోలయ్యే అన్నంత చక్కగా పలికింది.

"సరే మరి. వత్తానమ్మా."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను. ఆవిడ పక్కన మెట్టు మీదే కూలబడ్డాను, పోలీసు దర్జా అంతా గంగలో కలిపి.

"అమ్మా, మేము ఒకరి ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు 'వెళ్తున్నాను' అనం. అంటే ఇంక రానని. అది చచ్చిపోయేవాళ్ళ మాట. కోపమొచ్చినా సరే, ఎంత దూరం పోతున్నా సరే, 'వస్తాను' అనే అంటాం. నేనన్నది అదే. పోలయ్య అన్నదీ అదే. ఒడియా వాళ్ళూ 'ఆసుఛి' అంటారు, వస్తున్నానని. అది సెలవు తీసుకోవడం, అంతే."



"ఇన్నేళ్ళలో నాతో ఎవరూ అలా అనలేదు," అంది.

"దొరలకి సలాం కొట్టి వెళ్ళిపోతామమ్మా. వస్తాను అనేది మా వాళ్ళతోనే."

ఆ మాట అన్నాక ఏం అన్నానో నాకే అర్థమైంది. ఆవిడకీ అర్థమైంది. వాచిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి లేచి, బట్లరును కేకేసి, బండి కట్టమంది.

ఛత్రపురం

సూపరింటెండెంటు దొర చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, ఎండనక వాననక తిరుగుతాడు. తెలుగు పరీక్ష కూడా పాసయ్యాడు. ఆ పరీక్షలో 'వస్తాను' అంటే భవిష్యత్ కాలం అని నేర్పారు. అంతకంటే ఎక్కువ నేర్పకపోవడం ఆయన తప్పు కాదు. కానీ తన ఇంగ్లీషులో పడ్డ ప్రతి మాటా నిజమేనని నమ్మేవాడు. అది మాత్రం ఆయన తప్పే.

దొరసాని ఆయన బంగళాలో కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

"నేను విన్న మాట సరైనదే. అర్థం తప్పు చేసుకున్నాను. ఆ మనిషిని విడిచిపెట్టు," అంది.

"అసలు దొంగ దొరకలేదు కదా మేడమ్! రేపు వీడే అని తేలితే?"

"తేలితే నా చెయ్యి మళ్ళీ కట్టనీ. ఈలోగా నా నోటి మాట మీద అతను జైలుకి వెళ్ళడానికి వీల్లేదు."

చేతిలో ఏ రుజువూ లేకుండా, ఒంటరి మనిషి, భయం ఇంకా పోకుండానే ఆ మాట అంది. నా సర్వీసులో ఇంతకంటే ధైర్యం నేను చూడలేదు. దొర నా వైపు తిరిగి, "ఈ వస్తాను సంగతి నిజమేనా?" అన్నాడు. నిజమేనన్నాను. కాగితం మీద సంతకం పెట్టి ఇస్తూ తెలుగులో, "మీరు వెళ్ళవచ్చును," అన్నాడు. అని ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మొహం ఎర్రబడి, "వెళ్ళి రండి," అని దిద్దుకున్నాడు. ఆ ఒక్క దిద్దుబాటుకి ఆయన మీద కోపమంతా పోయింది.

స్టేషన్‌కి తిరిగొచ్చి లాకప్పు తీసి పోలయ్యని అడిగాను.

"ఒరే, 'వత్తానమ్మా' అన్నావట. నాకెందుకు చెప్పలేదురా?"

"అదొక మాటేటి బాబూ? ఎల్లేటప్పుడు అందరూ అంటారు గదా!"

"కోపంగా పోతున్నవాడివి, అదెందుకన్నావు?"

తల వంచుకున్నాడు. "కోపమే బాబూ. ఎల్తన్నాను, ఇంక నీ గడప తొక్కను అనీసి వొచ్చీద్దామనుకున్నాను. గేటు కాడ నోరు రానేదు. సెయ్యట్టుకున్న మడిసి గదా! మర్నాడు సిగ్గేసి ఎల్లనేదు."

దొరసాని బయట బండిలోనే ఉంది. దిగి, పోలయ్య ముందుకొచ్చి నిలబడింది. క్షమించమని అడగడానికి ఆవిడకి తెలుగు మాట దొరకలేదు. వాచిన చెయ్యి అతని ముందుకి చాపింది. పోలయ్య ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటమ్మా ఇలాగ వాసిపోనాది? రేపు ఉప్పునీళ్ళలో పెడదాం. తగ్గిపోద్ది," అన్నాడు.

మీకు చెప్పేదేమిటంటే

ముళ్ళకంచె ఆ మర్నాడే పోయింది. అడ్డదారి తెరుచుకుంది. అప్పటిదాకా పల్లెలో ఎవరిని కదిపినా నోరు విప్పనివాళ్ళు, పోలయ్య ఇంటికి రాగానే మా స్టేషన్‌కి వచ్చి కూర్చున్నారు. "పాత సీసాలు కొనీ ఓలు ఇద్దరు కంచె పడకముందు దొరసానమ్మ ఎనకతలుపు కాడ తిరిగినారు బాబూ, మా కళ్ళతో సూసినాం," అని గన్నెమ్మే చెప్పింది. ముందే ఎందుకు చెప్పలేదంటే, "మావోడిని లోపలెట్టీసి మమ్మల్ని సాయమడగతారేటి?" అని కడిగేసింది.

కొన్నాళ్ళకి బరంపురం పెద్దబజారులో వెండి వ్యాపారం చేసే ఒక తెలుగు సాహుకారు, తన కొట్టుకి దొరల అక్షరాలు చెక్కిన చెంచాలు అమ్మకానికొచ్చాయని కబురు పెట్టాడు. వచ్చినవాళ్ళకి కాఫీ పోయించి, తూకం సరిగా రావడం లేదని తక్కెడ సర్దుతూ, మేం వెళ్ళేదాకా కూర్చోబెట్టాడు మహానుభావుడు. వాళ్ళు ఆ సీసాల వాళ్ళే. వెండి దొరికింది. గడియారం మాత్రం ఎవరికో చేతులు మారిపోయింది.

కాబట్టి కుర్రాళ్ళూ, మనిషి ఏ భాషలో అన్నాడో ఆ భాషలోనే రాసుకోండి. తర్జుమా తర్వాత చేసుకోవచ్చు. తప్పు మనిషిని లోపల వేస్తే నిజం తెలిసినవాళ్ళందరి నోళ్ళకీ మీరే తాళం వేసినట్టు. ఇక పరాయి చోట ఒంటరిగా ఉండేవాళ్ళు భద్రత ఎలా అని అడిగితే, వెనక తలుపు వేసుకోమనండి, దారిన పోయేవాళ్ళ దారి మాత్రం మూయొద్దనండి. దొరసానికి కాపలా కాసింది కుక్కా కాదు, మేమూ కాదు. వలలు మోసుకుంటూ ఆ తోటలోంచి నడిచిన మనుషులు. ఇంతకు మించి నా దగ్గర పెద్ద విద్య ఏమీ లేదు.

స్టీమరు

చాలా ఏళ్ళు గడిచాయి. దొరసానికి చూపు మందగించింది. మేనకోడలు పట్టుబట్టి రమ్మంది. నేను అప్పటికి బరంపురంలో ఉన్నాను. కబురు తెలిసి గోపాల్‌పూర్ వెళ్ళాను. ఒడ్డు మీద దొరలంతా నిలబడి ఉన్నారు. ఆవిడ అందరికీ చేతులు కలిపి "గుడ్‌బై" అని చెప్పింది. నాకూ అలాగే చెప్పబోయి, నవ్వి, ఊరుకుంది.

పడవ దాకా చెయ్యి పట్టుకుని నీళ్ళలో నడిపించింది పోలయ్యే. అతనికీ జుట్టు నెరిసింది. నేనూ బూట్లు తడిస్తే తడిశాయని వాళ్ళ వెనకే వెళ్ళాను. ఆవిడను ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు. చెయ్యి ఇంకా వదల్లేదు. ఆవిడే అంది.

"వత్తాను పోలయ్యా."

పోలయ్య కళ్ళనిండా నీళ్ళు. అయినా మొహంలో కొంటెతనం పోలేదు.

"ఎప్పుడమ్మా?" అన్నాడు.

ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వులో ఎండ టోపీ జారి నీళ్ళలో పడింది. పోలయ్య అందుకుని ఇవ్వబోతే, చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉంచు. వచ్చినప్పుడు తీసుకుంటాను."

పడవ అలలు దాటింది. ఆ టోపీ ఇప్పటికీ పోలయ్య ఇంటి దూలానికి వేలాడుతోంది. ఆ మధ్య వెళ్ళినప్పుడు, చెద పడుతోంది, ఎవరికైనా ఇచ్చెయ్యరాదా అన్నాను. పోలయ్య నా వైపు వింతగా చూశాడు.

"మనది కాదు గదా బాబూ. ఆయమ్మ వొచ్చి అట్టుకెల్తాది," అన్నాడు.